యాక్సిడెంట్ కేసులో 2 లక్షలకు రాజీ పడొచ్చా?

మీ తమ్ముడు టైల్స్ పని చేస్తాడు, 34 ఏళ్లు, నెలకు 15 వేలు వచ్చేది, కారు గుద్ది మోకాలు విరిగింది, లోక్ అదాలత్‌లో (కేసులు రాజీతో తేల్చే చోటు) 2 లక్షలకు రాజీకి రమ్మంటున్నారు అని రాశారు కదండీ. దయచేసి ఇప్పుడే సంతకం పెట్టనివ్వకండి. అక్కడ రాజీ అయ్యాక అప్పీలు ఉండదు. రేపు మళ్లీ ఆపరేషన్ పడితే ఆ ఖర్చు మీ నెత్తినే.

"పాలసీలో ఇంతే వస్తుంది" అని ఇన్సూరెన్స్ వాళ్లు అన్నా నమ్మకండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో, అంటే బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి ఉండే బీమాలో, మనిషికి తగిలిన గాయాలకు ఇంతే అని పరిమితి ఉండదు.

ముందు లెక్క వేయండి. సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు 2009లో వయసును బట్టి గుణకాలు, అంటే ఏడాదికి పోయే సంపాదనను ఎంతతో గుణించాలో, ఖరారు చేసింది. 31–35 ఏళ్లకు అది 16. ఏడాది సంపాదన 1,80,000. అందులో 20 శాతం పోయిందనుకున్నా 36,000, పదహారుతో గుణిస్తే 5,76,000. ఆస్పత్రి బిల్లులు, మంచాన పడ్డ నెలల కూలి, పడ్డ బాధకు ఇచ్చేది దీనికి అదనం.

పేచీ అంతా ఆ శాతం దగ్గరే. మా అన్నయ్య ఆటో నడిపేవాడు. కుడి చీలమండ నుజ్జయింది. సర్టిఫికెట్‌లో 25 శాతం వైకల్యం అని రాశారు, ఇన్సూరెన్స్ లాయరు దాన్నే పట్టుకున్నాడు. మా లాయరుగారు డాక్టరును సాక్షిగా పిలిపించి ఒక్కటే అడిగారు: ఈ పాదంతో ఆటో బ్రేకు తొక్కగలడా? బ్రేకు ఉండేది కుడికాలి కిందే. తొక్కలేడని డాక్టరు చెప్పారు. సంపాదన నష్టం 50 శాతమని జడ్జిగారు తీర్పులో రాశారు. ఒంటి వైకల్యం, సంపాదన నష్టం ఒకటి కావని రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. టైల్స్ పనంటే రోజంతా గొంతుక్కూర్చోవడమే కదా. మీవాడు అలా కూర్చోగలడా లేదా అన్నది డాక్టరు నోటి నుంచే రావాలి.

జీతం స్లిప్పు లేదని దిగులు పడకండి. పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యం, బ్యాంకు స్టేట్‌మెంటు పనికొస్తాయి.

మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో ఇంకా పిటిషన్ వేయకపోతే వెంటనే వేయండి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలని చట్టంలో ఉంది. మీరున్న జిల్లాలోనే వేయొచ్చు. వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వాలని లాయరు అడిగితే ఒప్పుకోకండి, బార్ కౌన్సిల్ నిబంధనలు దాన్ని అనుమతించవు. ఆదాయం తక్కువైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది.

మీ లెక్కకు దగ్గరగా ఇస్తామంటే మాత్రం లోక్ అదాలత్ మంచిదే. ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.