మామగారి ఆదివారం రేసు

ప్రశ్న: మేం అమెరికాలో షార్లెట్ పక్కన కాంకర్డ్‌లో ఉంటాం. మామగారు గుంటూరులో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అత్తగారు పోయాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. పక్కింటి పెద్దాయన నాస్కార్ కారు రేసులు అలవాటు చేశారు. ఇప్పుడు చేజ్ ఎలియట్ అనే డ్రైవరంటే ఈయనకు ప్రాణం. అతని కారు నంబరు 9 ఉన్న టోపీ తీయరు, ఆదివారం ఎక్కడికీ రారు. అతను ఓడిపోతే రాత్రి అన్నం ముట్టరు. మొన్న చుట్టాల ముందు మావారు ‘ఈ వయసులో ఇదేం పిచ్చి’ అన్నారు. అప్పటినుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఇదేమైనా మానసిక జబ్బా?

జవాబు: జబ్బు కాదమ్మా, కంగారు పడకండి. ఆయన అభిమానం కంటే నలుగురిలో ఆయనకు జరిగిన అవమానమే నాకు పెద్ద సమస్యగా కనిపిస్తోంది.

ఆయన ఏళ్ల తరబడి స్టీరింగ్ పట్టుకున్న మనిషి. మీకు టీవీలో కార్లు గుండ్రంగా తిరుగుతున్నట్టే ఉండొచ్చు. ఆయనకు టైరు అరిగి మలుపులో కారు వెనక భాగం జారడం, చివరి ల్యాపుల (ట్రాకు చుట్టూ తిరిగే చుట్ల) కోసం పెట్రోలు పొదుపు చేయడం, డేటోనా ట్రాకు మీద గంటకు 300 కిలోమీటర్ల వేగంతో ముందు కారుకు అంటుకుని పోవడం కనిపిస్తాయి. మీ ఊళ్లో ఆయనకు పాత స్నేహితులు లేరు, డ్యూటీ లేదు. వారం మొత్తంలో తనకు బాగా తెలిసిన పని కళ్లముందు జరిగేది ఆ మూడు నాలుగు గంటలే.

ఎవరిని ఎంచుకున్నారో కూడా చూడండి. చేజ్‌ది జార్జియాలోని డాసన్‌విల్ అనే చిన్న ఊరు. తండ్రి బిల్ ఎలియట్ 1988లో నాస్కార్ ఛాంపియన్, కొడుకు 2020లో అయ్యాడు. అతను గెలిస్తే ఆ ఊళ్లో సైరన్ మోగిస్తారు. 2023లో కాలు విరిగి ఆరు రేసులకు దూరమయ్యాడు, ఆ ఏడాది ఒక్క గెలుపూ లేదు. అయినా అభిమానులు ఓట్లేసి అతన్నే మోస్ట్ పాపులర్ డ్రైవర్‌ని చేశారు. సినిమా ఆడలేదని మనవాళ్లు హీరోని మార్చుకుంటారా? ఇదీ అంతే. ఈ తండ్రీకొడుకుల కథ ఆయనకు ఎందుకంత నచ్చిందో మీవారు ఒకసారి ఆలోచించాలి.

అన్నం మానేయడం మాత్రం కుదరదు, బీపీ, షుగర్ మందులు వాడుతుంటే మరీను. రేసు అయ్యేదాకా ఆగకుండా టీవీ ముందే కంచం పెట్టేయండి. సోమవారానికి మామూలు మనిషి అయిపోతే బెంగ లేదు. అలా కాక నిద్రపట్టక, ఎవరితోనూ మాట్లాడక, రేసు కూడా చూడబుద్ధి కావట్లేదంటే అది అత్తగారి మీద దిగులు కావచ్చు. అప్పుడు డాక్టరుకు చూపించండి. నవంబరు తర్వాత ఫిబ్రవరి దాకా రేసులుండవు. ఆ చలికాలంలో ఇంకాస్త కనిపెట్టి ఉండండి.

మీవారు ముందుగా తండ్రికి క్షమాపణ చెప్పాలి. మీ మధ్యవర్తిత్వం వద్దు, తనే వెళ్లి చెప్పాలి. చేజ్ టీమ్ హెండ్రిక్ మోటార్‌స్పోర్ట్స్ మీ కాంకర్డ్‌లోనే ఉంది, అక్కడ మ్యూజియం కూడా ఉంది. ఓ శనివారం అక్కడికి తీసుకెళ్లమనండి. మే నెలాఖరులో మీ ఊరి ట్రాకు మీదే 600 మైళ్ల రేసు జరుగుతుంది, దానికీ ఇద్దరూ వెళ్లాలి. రేడియో స్కానరు అద్దెకు తీసుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే డ్రైవరూ టీమూ మాట్లాడుకునేది వినిపిస్తుంది. ఆ ఇంగ్లీషు యాస మామగారికి అందకపోతే కొడుకు చెబుతాడు. వాళ్లు ఆ మాట ఎందుకన్నారో తండ్రి చెబుతాడు. రేసు ముగిసేసరికి బాగా రాత్రవుతుంది. ఆయన మందులు, చెవులకు ప్లగ్స్, ఏదైనా తినడానికి మీరు సర్ది పంపండి.