వంట చేసే ఆవిడే డిటెక్టివ్ అట కదా!

అమ్మడూ,

నువ్వు నవల రాస్తున్నావనీ, అందులో క్యాటరింగ్ చేసే ఆవిడే హత్య కేసులు తేలుస్తుందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. నేను 30 ఏళ్ళు చేసిన పనిలో కథ ఉందని ఇన్నాళ్ళకి నీకు తోచింది. సంతోషం, దాని వెనకే టెన్షన్.

రక్తపాతం లేకుండా రాయాలనీ, ఆధారాలన్నీ పాఠకుడి కళ్ళ ముందే పెట్టాలనీ నీకు తెలుసు. చివర్లో ఎవడో కొత్తవాణ్ణి తెచ్చి హంతకుడని చెప్పకు.

మా కళ్ళకి ఎంత కనబడుతుందో మాత్రం చెప్పాలి. మేం వెనక గుమ్మంలోంచి వెళ్తాం. వడ్డించేవాళ్ళ మొహం ఎవరూ చూడరు, మన ముందే గుట్లన్నీ మాట్లాడేసుకుంటారు. ఎంగిలి పళ్ళేలు తీసేటప్పుడు ఎవరు కడుపునిండా తిన్నారో, ఎవరు కెలికి వదిలేశారో తెలిసిపోతుంది. సామాను బండెక్కించే ముందు కత్తులు లెక్కపెట్టుకుంటాం. ఒకటి తగ్గిందనుకో, నీ కథ అక్కడే మొదలుపెట్టొచ్చు.

ఇక నా భయం. భోజనాల్లో ఎవరికైనా ఏదైనా అయితే మొదటి అనుమానం వంటవాళ్ళ మీదే. వంటవాళ్ళలోనూ అందరికంటే చిన్నవాడి మీద. ఆ పాపం నేనే చేశాను.

ఒక రాత్రి విందుకి అన్నం పొద్దున్నే వండించాను. పెద్ద గిన్నె, మీద మూత. సాయంత్రం మూత తీస్తే లోపలివైపు నీటి బొట్లు, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. వాసన బాగానే ఉంది కదా అని పొగలొచ్చేలా వేడిచేసి వడ్డించేశాం. రెండు మూడు గంటల్లో వాంతులు మొదలయ్యాయి. పళ్ళు కోసిన కుర్రాడు చేతులు కడుక్కోలేదని అందరి ముందూ అరిచాను. అతను "కడుక్కున్నానమ్మా" అని ఒక్కసారే అన్నాడు. ఏప్రన్ విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత క్షమాపణ చెప్పడానికి ఇంటింటికీ వెళ్ళినప్పుడు, ఎవరెవరు ఏం తిన్నారో కాగితం మీద రాసుకున్నాను. పళ్ళు మాత్రమే తిన్న పిల్లలకి ఏమీ కాలేదు. అన్నం తిన్నవాళ్ళే పడ్డారు. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవనీ, గోరువెచ్చగా గంటల తరబడి ఉంచితే అది విషం తయారుచేస్తుందనీ, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదనీ అప్పుడు తెలుసుకున్నాను. వండింది 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా త్వరగా చల్లార్చి 5 లోపు పెట్టాలి. మధ్యలో రెండు గంటలు దాటకూడదు. అతని కోసం వెతికాను, దొరకలేదు.

కాబట్టి ముద్ద నోట్లో పెట్టగానే జనం కుప్పకూలినట్టు రాయకు, కోపమొస్తుంది నాకు. ఈ అన్నం విషమైతే అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు వస్తాయి. సాల్మొనెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా అయితే ఆరు గంటలైనా పడుతుంది, ఒక్కోసారి రోజులు. ఎవరు ఎప్పుడు పడ్డారో, ఏం తిన్నారో నీ హీరోయిన్ చేత కాగితం మీద రాయించు. ఎవరి మీదా అరవకముందే రాయించు తల్లీ.

ఒక కుర్రాడిని కూడా పెట్టు నవల్లో. అందరూ అనుమానించాక నిజం తేలితే, ఆవిడ అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాలి. తలుపు తీసేది అతనే అయ్యుండాలి.

రాత్రుళ్ళు మేలుకుని రాయకు, నీకు తలనొప్పి వస్తుంది. మొదటి అధ్యాయం అవగానే పంపు, పెద్ద అక్షరాల్లో.

నీ పెద్దమ్మ