జీడిపూత మాడింది... నిద్ర పట్టడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. వజ్రపుకొత్తూరు మండలంలో జీడితోట ఉంది. ఈసారి మంచుకు పూత మాడి పిక్క సరిగా దిగలేదు. అప్పు అలాగే ఉంది. నెల రోజులుగా నిద్ర లేదు. ఇంట్లోవాళ్ల మీద ఊరికే కేకలేస్తున్నాను. తలనొప్పికి రోజూ నొప్పి బిళ్ల వేసుకుంటున్నాను. తిత్లీ తుపానుకు తోట కూలినప్పుడు కూడా ఇంత కుంగిపోలేదు. - ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు ఆ బిళ్ల ఆపండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఉంటూ డాక్టరు చెప్పకుండా రోజూ నొప్పి మాత్రలు మింగడం కిడ్నీలతో చెలగాటం. పైగా రోజూ వాడితే అవే తలనొప్పి తెచ్చిపెడతాయి. బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) పరీక్షలు చేయించుకోండి.

ఇక దిగులు సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి వెళ్లాక, కూలిన చెట్ల మధ్య నిలబడినప్పుడు 'ఇక లేవలేం' అనే అనుకుని ఉంటారు. ఆ బాధ ఏళ్లు గడిచి పలచబడింది కాబట్టే ఇప్పుడు చిన్నదిగా తోస్తోంది. ఈ ఏటి బాధా అలాగే పలచబడుతుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనాల్లో, తమ కష్టాన్ని చాలా ఏళ్ల తర్వాతి చూపుతో చూసినవారికి, దగ్గరి రోజుల గురించే ఆలోచించినవారికన్నా బాధ తగ్గింది. ఇది ఎల్లకాలం ఉండదన్న ఎరుకే అందుకు ముఖ్య కారణం.

మీరూ ప్రయత్నించండి. పక్క మీద వాలాక కాదు, అప్పుడు ఆలోచనలు సుడి తిరుగుతాయి. సాయంత్రం కాగితం మీద రాయండి: 56 ఏళ్ల వయసులో తోట ఎలా ఉంటుంది, పిల్లలు ఎక్కడుంటారు, ఈ ఏడాది గురించి వాళ్లకు ఏమని చెబుతాను? కోపం వచ్చినప్పుడూ ఇదే లెక్క వేయండి. పంట నష్టాన్ని పదేళ్లకు మీరు మరిచిపోవచ్చు, మీరన్న మాటను పిల్లలు మరిచిపోకపోవచ్చు.

అప్పుకు మాత్రం ఈ చూపు పనికిరాదు. గడువు మీకోసం ఆగదు. ఈ వారమే బ్యాంకుకు వెళ్లి వాయిదాలు మార్చమని అడగండి.

పదేళ్ల తర్వాతి రోజులు ఊహించుకున్నా చీకటే కనిపిస్తే ఈ అభ్యాసం మానేయండి. అది డిప్రెషన్ లక్షణం కావచ్చు, దానికి మందులున్నాయి. నెలగా నిద్ర లేదంటున్నారు కనుక ఎలాగూ మానసిక వైద్యుణ్ని కలవాల్సిందే. చనిపోవాలన్న ఆలోచన తలెత్తితే ఆ క్షణమే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు. ఆసుపత్రికి మీ భార్యను కూడా తీసుకెళ్లండి. మీ నిద్ర, కోపం సంగతి మీకన్నా ఆవిడే సరిగ్గా చెప్పగలరు.