మీ ప్రశ్న – మా జవాబు: మన ఇంట్లో ఎవరిది ఏ గుర్తు?

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా తాత చనిపోయేదాకా కంకి కొడవలికే ఓటేశాడు. ఆయన తమ్ముడిది సుత్తి కొడవలి నక్షత్రం. దీని మీద అన్నదమ్ములకు చాలా ఏళ్లు మాటల్లేవట. నాయనమ్మకు తొంభై దగ్గరపడ్డాయి, తను దేనికి వేసేదో ఇప్పటికీ చెప్పదు. ఇవన్నీ రాసి పెట్టుకుందామని నాన్నను అడిగితే "గా ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డా" అని లేచిపోతాడు. ఎట్లా అడగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా రాయండమ్మా, ఆలస్యం మాత్రం చేయకండి. ఈ ముచ్చట్లు చెప్పే పెద్దలు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు.

ముందు తాత సంగతి. 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటం ఆపేశారు, కొన్ని నెలలకే మొదటి ఎలక్షన్లు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడ్డారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు 3 లక్షలకు పైగా ఓట్లతో గెలిచారు, నెహ్రూకు పడ్డ ఓట్ల కన్నా అవి ఎక్కువ. ఆ ఓట్లు వేసినవాళ్లలో ఎంతమందికి అక్షరం ముక్క వచ్చు? వాళ్లకు తెలిసింది వెట్టి పోయిందని, దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచే ఖర్మ తప్పిందని, కొందరికైతే నాలుగు గుంటల జాగ చేతికొచ్చిందని. అందుకే తాతది "ఏ పార్టీ" అని కాదు, "సంగపోళ్లు (కమ్యూనిస్టులు) ఊళ్లోకి వచ్చినప్పుడు మన ఇంట్లో ఏం జరిగింది" అని తెలుసుకోవాలి. ఆ మాట ఇప్పుడు నాన్నను అడగండి, తాత దగ్గర విన్నది ఆయనకే గుర్తుంటుంది.

అన్నదమ్ముల గొడవకు మూలం 1964లో కమ్యూనిస్టు పార్టీ సీపీఐ, సీపీఎంలుగా చీలిపోవడం. 1967 ఎలక్షన్లలో రెండు పార్టీలూ వేర్వేరు గుర్తులతో దిగాయి, సీపీఐది కంకి కొడవలి, సీపీఎంది సుత్తి కొడవలి నక్షత్రం. నిన్నటిదాకా ఒకే జెండా మోసినవాళ్లు ఒకరినొకరు ద్రోహి అనుకున్నారు, ఒకే అరుగు మీద కూర్చోవడం మానేసినవాళ్లున్నారు, పెళ్లి పిలుపులు కూడా ఆగిపోయిన ఇళ్లున్నాయి. మీ నాన్న లేచిపోయేది కోపంతో కాకపోవచ్చు, ఆ మౌనంలో పెరిగిన పిల్లవాడు కదా. పైగా పల్లెల్లో ఫలానా ఇల్లు ఫలానా పార్టీ అని పేరు పడితే పింఛను దగ్గరా ఇల్లు శాంక్షన్ దగ్గరా ఇబ్బందే అన్న భయం నేటికీ పోలేదు. ఎలక్షన్లు దగ్గర్లో ఉన్నప్పుడు అస్సలు అడగకండి.

ఇక నాయనమ్మ. ఎవరికి వేశావని సూటిగా అడిగితే ఆమె చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఎవరికి ఓటేశావో చెప్పమని సాక్షిని కోర్టు కూడా బలవంతపెట్టకూడదని 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్‌లోనే ఉంది. ఆ రోజు ఎట్లా గడిచిందో అడగండి. బండి కట్టుకుని పోయారా, ఏ బడిలో వేశారు, ఏ చీర కట్టుకుంది, మగవాళ్లు బయల్దేరే ముందు ఏం చెప్పి పంపారు. అప్పటి బ్యాలెట్ కాగితం మడత గురించి అడిగి చూడండి. ముద్ర తడిగా ఉంటుంది, గుర్తులేమో ఒకదాని కింద ఒకటి, అడ్డంగా మడిస్తే సిరా ఇంకో గుర్తు మీద పడి ఓటు చెల్లకుండా పోతుంది, అందుకని ముందు నిలువునా మడవాలి. మా అమ్మకు మా మేనమామ క్యాలెండర్ కాగితం ఇచ్చి వాకిట్లో కూర్చోబెట్టి ఈ మడత నేర్పించాడు. అమ్మ అట్లాగే మడిచి వచ్చేది, ముద్ర మాత్రం తన ఇష్టం వచ్చిన దాని మీద వేసేది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం మాట విన్నాక, ఎర్రజెండా ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు గప్‌చుప్‌గా ఆయన తెలుగుదేశం సైకిల్‌కు గుద్దారో వాళ్లకే తెలుసు. కొడుకు ఇంట్లో లేనప్పుడు, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడగండి. ఫోన్‌లో రికార్డు చేస్తున్నానని ముందే చెప్పండి. ఆమె వద్దంటే ఆపేయండి.

ప్రశ్న: మాది మర్రిగూడ వైపు. 1996 పార్లమెంటు ఎలక్షన్లో మా పెదనాన్న నామినేషన్ వేశాడని, గెలవడానికి కాదని ఇంట్లో అంటారు. గెలవనివాడు ఎందుకు వేసినట్టు?
– ఒక పాఠకుడు

జవాబు: నీళ్ల కోసం వేశాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన పిల్లలు అప్పట్లో మీ వైపు ఇంటింటా ఉండేవారు, ఎవరికి మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. అప్పుడు నీళ్ల కోసం పోరాడుతున్న జల సాధన సమితి పిలుపు మీద జనం గుంపులు గుంపులుగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో మిగిలినవాళ్లు 480 మంది. బ్యాలెట్ కాగితం చాలక పుస్తకం అచ్చు వేయాల్సి వచ్చింది, నల్లగొండలో ఎలక్షనే వాయిదా పడింది. గెలిచింది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గారు. మీ పెదనాన్న సొంత పార్టీ ఓటరై ఉండి కూడా నామినేషన్ వేసి ఉండవచ్చు, అందులో ద్రోహమేమీ లేదు. డిపాజిట్ డబ్బులు ఎక్కడివి, ఎవరెవరు కలిసి నల్లగొండకు పోయారు, ఇవి రాసుకోండి. ఆ కాగితం ముక్క ఏదైనా ట్రంకుపెట్టెలో ఉంటే జాగ్రత్త చేయండి.

ప్రశ్న: "ఎన్టీఆర్‌ను ఓడగొట్టింది మేమే" అంటాడు మా నాన్న. నిజమేనా?
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: నిజమే. 1989లో ఆయన హిందూపురం, కల్వకుర్తి రెండు చోట్లా నిలబడ్డారు. హిందూపురంలో గెలిచి, మీ దగ్గర కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ గారి చేతిలో ఓడిపోయారు. పద్దెనిమిదేళ్లకే ఓటు వచ్చిన మొదటి జనరల్ ఎలక్షన్లు కూడా అవే. అప్పుడు మీ నాన్న వయసెంతో కనుక్కోండి, అది ఆయన మొదటి ఓటే అయితే ఇంట్లో పెద్దవాళ్లు దేనికి వేశారో కూడా అడగండి.