పందొమ్మిది టిక్కీలు

గుంటూరు

చిట్టీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. విజయవాడలో ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు, అప్పుడే పైథాన్ డిక్ట్ (పేరుకి విలువని జతచేసి దాచే పట్టిక) నుంచి ఇన్‌హెరిట్ చేసి, అంటే దాని గుణాలు వారసత్వంగా తీసుకుని, సొంత క్లాసు రాస్తున్నావట. "నాకేం అర్థం కాలేదు గానీ, నువ్వోసారి మాట్లాడరా" అన్నాడు. గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

టెస్టులు రాయి, తల్లి క్లాసు మెథడ్‌ని సూపర్‌తో పిలవడం మరిచిపోకు. ఇవి నీకు తెలిసినవే.

నువ్వు స్కూలుకెళ్లే రోజుల్లో మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను. డిక్ట్‌ని ఇన్‌హెరిట్ చేసి, సమాన గుర్తుతో విలువ పెట్టినప్పుడు నడిచే సెట్‌ఐటెమ్‌ని తిరగరాశా: అదే లాట్ నంబరు మళ్లీ వస్తే పాతదానికి కలపాలి. పొద్దున చేత్తో 19 టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించారు. మధ్యాహ్నం ఇంకో 12 ఫైల్లోంచి అప్‌డేట్‌తో, అంటే విలువలన్నీ గుంపుగా పెట్టే మెథడ్‌తో, ఎక్కాయి. సాయంత్రం రైతు చేతికి 12 టిక్కీల పట్టీ వచ్చింది.

ఆయన తువాలుతో మొహం తుడుచుకుని, జేబులోంచి నాలుగు మడతల కాటా చీటీ తీసి బల్ల మీద పరిచాడు. చెమటకి సిరా అలుక్కుపోయింది, 31 మాత్రం కనబడుతోంది. "కంప్యూటర్ అబద్ధం చెబుతుందా?" అన్నాడు గుమస్తా. నేనూ అదే అన్నానే చిట్టీ. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

డిక్ట్‌ని సి భాషలో రాశారు. అప్‌డేట్ నేరుగా లోపలి పట్టికలోకి రాసేస్తుంది, మనం తిరగరాసిన సెట్‌ఐటెమ్‌ని పిలవదు. లేని పేరుకి మాత్రమే విలువ పెట్టే సెట్‌డిఫాల్ట్ అంతే, క్లాసు కట్టేటప్పుడు ఇచ్చే విలువలూ అంతే. విలువ తెచ్చే గెట్ కూడా, చదరపు బ్రాకెట్లతో చదివేటప్పుడు నడిచే నీ గెట్‌ఐటెమ్‌ని అడగదు. ఒక్క ఎర్రర్ రాలేదు. నాకు ఎర్రర్లంటే భయం లేదు, ఈ నిశ్శబ్దమంటేనే భయం.

అసలు కూడికని సమాన గుర్తు వెనక దాచడమే వెధవ పని. 'కలుపు' అని వేరే మెథడ్ పెట్టుంటే పోయేది.

నువ్వు పైథాన్ కలెక్షన్స్ మాడ్యూల్లోని యూజర్‌డిక్ట్ తీసుకో. లోపల డేటా పేరుతో మామూలు డిక్టే ఉంటుంది, అప్‌డేట్ కూడా నీ సెట్‌ఐటెమ్ గుండానే పోతుంది. కాకపోతే అది డిక్ట్ సంతానం కాదు, విలువల్ని దాచడానికి, పంపడానికి అక్షరాలుగా మార్చే జేసన్ దాన్ని నేరుగా తీసుకోదు. లోపలి డేటాని ఇవ్వాలి.

డాక్యుమెంటేషన్ చదివాను బాబాయ్ అంటావు. చదవవు. బ్రేకు ఎక్కడుందో చెప్తుంటే వినకుండా సైకిలెక్కి, బ్రాడీపేటలో మోకాలు చీరుకున్నదానివి. సర్లే, జావా కట్టిన మహానుభావులే స్టాక్‌ని (పైనుంచే పెట్టి తీసే దొంతర) వెక్టర్‌కి (ఎక్కడైనా పెట్టగల వరుస) బిడ్డని చేశారు, ఇప్పటికీ స్టాక్ మధ్యలో చెయ్యి పెట్టొచ్చు. నువ్వెంత, నేనెంత!

అప్‌డేట్‌కి టెస్టు రాసి, అది పాసయ్యాక ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

మీ బాబాయి