శుక్లం ఆపరేషన్‌కి ముందు డి.సి.ఆర్. తప్పదా? మా అమ్మ అనుభవం

మీ అమ్మగారికి శుక్లం ఆపరేషన్ ఆపి, ముందు డి.సి.ఆర్. (కన్నీరు ముక్కులోకి దిగడానికి కొత్త దారి వేసే ఆపరేషన్) చేయించుకోమన్నారని, అది తప్పదా అని అడిగారు. మా ఇంట్లోనూ అచ్చం ఇలాగే జరిగిందండి.

మా అమ్మకి ఎడమ కంట్లోంచి నాలుగేళ్లు నీళ్లు కారాయి. చీర కొంగుతో ఒత్తుకుని ఒత్తుకుని కంటి కింద చర్మం ఒరిసిపోయింది. మొదట చూసిన డాక్టరు చుక్కల మందులు మార్చి మార్చి రాశారే తప్ప, ముక్కు పక్కన ఒక్కసారి నొక్కి చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. శుక్లానికని వేరేచోటికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ కంటి మూల వేలితో నొక్కగానే రెప్ప అంచున సూదిమొనంత రంధ్రంలోంచి చీము పైకొచ్చింది. తర్వాత కింది రెప్ప రంధ్రంలోంచి సిరింజితో ఉప్పునీళ్లు ఎక్కించారు. కంటి నుంచి ముక్కులోకి కన్నీరు దిగే దారి బాగుంటే అవి గొంతులోకి దిగాలి. అమ్మకి పై రెప్ప రంధ్రంలోంచి వెనక్కి వచ్చేశాయి.

ఆ చీము ఉండగా శుక్లం తీస్తే క్రిములు కంటి లోపలికి చేరి చూపే పోవచ్చు. కాబట్టి మీ డాక్టరు చెప్పింది సరైన మాట.

డి.సి.ఆర్.లో మూసుకుపోయిన కన్నీటి గొట్టం జోలికి పోరు. చీము చేరే కన్నీటి సంచికీ ముక్కుకీ మధ్యనున్న ఎముకని కాస్త తొలిచి కొత్త దారి వేస్తారు. 1904లో ఇటలీ డాక్టరు టోటి చూపిన పద్ధతి ఇది. ఇప్పుడు ముక్కులోంచి ఎండోస్కోపుతోనూ చేస్తున్నారు, దానికి బయట కోత ఉండదు. అమ్మకి బయటినుంచే చేశారు. మచ్చ వెతికితే గానీ కనపడదు. బాగా పెద్దవాళ్లకి ఒక్కోసారి డి.సి.టి. అని, సంచి తీసేసి ఊరుకుంటారు. దాంతో చీము బెడద పోతుంది గానీ నీళ్లు కారడం ఆగదు. మీకు చేసేది ఏదో పేరు పెట్టి అడగండి.

కింది రెప్ప కూడా చూపించండి. మా పెదనాన్నకి దారి బాగానే ఉంది, రెప్ప వదులై బయటికి తిరగడంతో ఆ రంధ్రం కంటికి ఆనేది కాదు. రెప్ప బిగించి కుట్టాక నీళ్లు తగ్గాయి.

ఆపరేషన్ అయ్యాక ముక్కు అస్సలు చీదనివ్వకండి, రక్తం వస్తుంది. అమ్మకి కంటి మూలలో దారంలాంటి సిలికాన్ గొట్టం కొన్ని వారాలు ఉంచారు. అది తీసిన రోజు మళ్లీ ఉప్పునీళ్లు ఎక్కిస్తే, అమ్మ గుటక వేసి నా చెయ్యి పట్టుకుని "ఉప్పగా తగిలిందిరా" అంది. ఆ తర్వాతే శుక్లం తీశారు.