మోకాళ్ల నొప్పికి తిండి లెక్క అడగాల్సింది ఫిజియోథెరపిస్టే

మోకాళ్ల అరుగుదలకి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పోతే బరువు గురించి, తిండి గురించి అడుగుతోంది, అది ఆమె పనేనా అని ఒకరు అడిగారు. ఆమె పనే. ఆ పని వాళ్లకన్నా బాగా చేసేవాళ్లు నాకైతే కనిపించలేదు.

మాది తిరుపతి. అమ్మకి 61 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి, అప్పటికి 81 కిలోలు. మేం చూపించుకున్న ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి "బరువు తగ్గాలమ్మా" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు. ఎలా తగ్గాలి? నడిస్తే నొప్పి, నడవకపోతే బరువు. ఆటోలో ఇల్లు చేరేదాకా అమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు.

తర్వాత దొరికిన ఫిజియోథెరపిస్ట్ చిన్న అమ్మాయి. మొదటి రోజే "అమ్మా, మూడు రోజులు ఏం తిన్నా, ఏం తాగినా నోట్‌బుక్‌లో రాసుకొని రండి" అంది. రాస్తే తెలిసింది, తప్పు సంగటిది కాదు, అన్నానిదీ కాదు. రోజుకి ఐదు కాఫీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర, పైన లడ్డూలు. దర్శనానికి వచ్చిన చుట్టాలంతా తిరుపతిలో ఉన్నవాళ్లింట్లోనే కదా దిగేది, కొండ దిగొచ్చి లడ్డూ చేతిలో పెట్టకుండా ఎవరూ పోరు. ఒక్కోటి సుమారు 175 గ్రాములు. ప్రసాదం పారేయకూడదని మిగిలిందంతా అమ్మే తినేది. ఆ అమ్మాయి ప్రసాదం మానేయమని ఒక్క మాట కూడా అనలేదు. "కళ్లకద్దుకొని చిటికెడు నోట్లో వేసుకోండమ్మా, మిగతాది ఆ పూటే నలుగురికీ పంచేయండి" అంది. అమ్మ "సరే పాపా" అంది. రెండేళ్లుగా నేను చెప్తే వినని మనిషి!

డాక్టర్‌ని మూడు నెలలకోసారి చూస్తాం, ఈ అమ్మాయిని వారానికి మూడుసార్లు. తొడ కండరాలకి వ్యాయామాలు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, అన్నీ చేయిస్తూనే తూకం చూసేది. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని చెప్పింది, 2005లో అమెరికాలో చేసిన పరిశోధనలో తేలిన లెక్క అది. అమ్మకి డాక్టర్ మాటకన్నా ఈ లెక్కే మనసుకెక్కింది. షుగర్ కూడా ఉంది కాబట్టి డైటీషియన్ దగ్గరికి పంపింది కూడా ఈ అమ్మాయే.

పది సిట్టింగులు కరెంటు మెషిన్ పెట్టి డబ్బులు తీసుకొని పంపేసే చోట్లు కూడా ఉన్నాయి, మేం ముందు అలాంటి చోటికే పోయి నెల పోగొట్టుకున్నాం. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ చికిత్స ఇవ్వాలో చెప్పే నైస్ (NICE) సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లో మోకాళ్ల అరుగుదలకి వ్యాయామం, బరువు తగ్గడమే ముందు, ఆ కరెంటు చికిత్సలు ఇవ్వొద్దని రాసుంది. ఇంకొందరు చుట్టాలు "అలిపిరి మెట్లెక్కితే బరువు అదే దిగుతుంది" అంటారు. 3,550 మెట్లు! అరిగిన మోకాళ్లతో ఎక్కమని చెప్పడానికి నోరెలా వస్తుందో.

తొమ్మిది నెలలకి అమ్మ 74 కిలోలకి వచ్చింది. పోయిన శనివారం అలిపిరిలో ఆటో దిగి పాదాల మండపం దాకా నా చేయి పట్టుకోకుండా నడిచింది. ఆ రాత్రి మోకాళ్లకి కాపడం పెట్టమని అడగలేదు.